తొమ్మిదిమందికి ఒకే అమ్మమ్మ

మా స్కూల్లో చదవడాన్ని నమలడం అంటారు, పరీక్ష రాయడాన్ని పొయ్యడం అంటారు. నమిలెయ్, పోసెయ్, పాసైపో, మరిచిపో. ఇది నా వెటకారం కాదు, ఘనాలో బడి మెట్టెక్కిన పిల్లలందరికీ తెలిసిన మాటే. నవ్వుతూ చెప్పుకుంటారు, నవ్వుతూనే చేస్తారు. మా బయాలజీ మాస్టారు జొకోటో సార్ మాత్రం నవ్వకుండా చెప్పేవాడు. క్లాసులోకి వచ్చి, కాలి మీద కాలు వేసుకుని తన పాత నోట్సు చదువుతుంటే మేం రాసుకునేవాళ్ళం. కామా ఎక్కడ పెట్టాలో కూడా ఆయనే చెప్పేవాడు. ఎవరైనా చెయ్యెత్తి ఎందుకు సార్ అని అడిగితే ఒకటే జవాబు.

"ఎందుకో తెలిస్తే మార్కులేమైనా ఎక్కువేస్తారా? నమలవమ్మా, నమలు."

నాకు నమలడం రాలేదు. నేనేదో తెలివైనదాన్నని కాదు, వీలుపడక. సెలవులిస్తే చాలు, సరస్సు ఒడ్డున టోర్కో రేవులో మా అమ్మమ్మ చేపల బల్ల దగ్గర ఉండాలి. పొద్దున్నే పడవలొస్తాయి. పొలుసు తియ్యడం, పొట్ట చీల్చడం, ఉప్పు పట్టించడం. ఆ చేతులతో పుస్తకం ముట్టుకుంటే స్కూలు తెరిచాక క్లాసంతా ముక్కు మూసుకుంటుంది. ఒకసారి ఆ అవమానం అయింది కూడా. అందుకని పడవలు రాకముందే ఒక పాఠం చదివేసి, పుస్తకం గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, చేపలు చేస్తూ ఆ పాఠం పైకి చెప్పుకునేదాన్ని. ఎక్కడ ఆగిపోతే అక్కడ నాకు రానట్టు. పని అయ్యాక చేతులు కడుక్కుని ఆ ఆగిన చోటు ఒక్కటే చూసుకునేదాన్ని. మర్నాడు మళ్ళీ చెప్పుకునేదాన్ని. కొన్నాళ్ళు వదిలేసి, మరిచిపోతున్నానేమో అనిపించినప్పుడు ఇంకోసారి.

పక్కన అమ్మమ్మ ఉండేది కదా, ఊరుకోదు. ఆవిడకి నేను చదువుతున్నానని కాదు, పనిలో వాగుతున్నానని కోపం.

"నీళ్ళు పల్చటి చోటు నుంచి చిక్కటి చోటుకి పోతాయా? ఎందుకే? వాటికి అక్కడేం పని?"

"పని కాదే అమ్మమ్మా. ఇటు ఉప్పు ఎక్కువుంది, మధ్యలో పల్చటి పొర ఉంది..."

"పొర ఎక్కడుంది? నాకు చూపించు."

చూపించడానికి నా దగ్గర చేప తప్ప ఏముంది? అలా వెతుక్కుని వెతుక్కుని ఒకరోజు పాఠంలా నోటికొచ్చిన మాట ఇది: "మా అమ్మమ్మ చేపకి ఉప్పు రాస్తే కాసేపటికి చేప ఏడుస్తుంది. ఆ కన్నీళ్ళు ఎక్కడివి? చేప ఒంట్లో కణాలవి. బయట ఉప్పు ఎక్కువ కాబట్టి కణాల్లో నీళ్ళు పొర దాటి బయటికొచ్చేశాయి. అదే ఆస్మాసిస్." అమ్మమ్మ చేపని తిరగేసి చూసి, "ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా" అంది. ఆ రోజు నుంచి ఆ పాఠం నన్ను వదిలి ఎక్కడికీ పోలేదు.

నేను మంత్రసానిని కావాలనుకున్నాను. హో పట్నంలో నర్సింగ్ కాలేజీ ఉంది. స్కూలు చివరి పరీక్షలో సైన్సు మార్కులు బాగుంటేనే లోపలికి రానిస్తారు. నాకు ఇంకో దారి లేదు, నేను ఇంకో దారి చూసుకోనూ లేదు. టోర్కోలో మా వాడకట్టు ఆడవాళ్ళు పురుటికి పడవెక్కి వెళ్ళడం చూస్తూ పెరిగినదాన్ని. నాకు ఆ తెల్ల యూనిఫాం మీద ఉన్నంత ఆశ దేని మీదా లేదు, ఇప్పటికీ లేదు.

ఇక పరీక్ష ఏడాది సంగతి. మా దగ్గర పరీక్షలు దగ్గరపడుతున్నాయంటే చదువు ఆగిపోతుంది, అపో వేట మొదలవుతుంది. అపో అంటే ముందే బయటికొచ్చిన ప్రశ్నలు. ఎవరి అన్నయ్యకో ఎవరో తెలుసట, ఎవరి ఫోనుకో ఏదో వచ్చిందట. మా క్లాసు లీడరు మావున్యో అయితే పరీక్షలయ్యేదాకా ఒక్క పాఠం ముట్టుకోలేదు. "ఎటోర్నమ్, నువ్వు ఒళ్ళు హూనం చేసుకుని చదువు. మేం హాయిగా నిద్రపోయి, పొద్దున్నే ప్రశ్నలు చూసుకుని వెళ్తాం" అని నన్ను ఆటపట్టించేవాడు. అప్పటిదాకా వచ్చిన అపో ప్రతిదీ నకిలీదని మాక్ పరీక్షల్లోనే తేలిపోయింది. దాంతో కొందరికి కాళ్ళ కింద భూమి కదిలింది.

అలా కదిలినవాళ్ళలో మొదట నా దగ్గరికొచ్చింది యాయ్రా. డార్మిటరీలో నా పక్క మంచం తనదే. మంచి పిల్ల, నవ్వుమొహం, తిండిపెట్టెలో షితో కారం ఎప్పుడూ నిండుగా ఉంటుంది, అడక్కుండానే పెడుతుంది.

"నువ్వు మాక్‌లో అన్నేసి మార్కులు ఎలా తెచ్చుకున్నావే? నాకూ చెప్పవే. నువ్వు చెప్తే నాకు ఎక్కుతుంది."

చెప్పాను. దాని వెనక సెలాసి వచ్చాడు, వాడి వెనక ఇంకొకళ్ళు. శనివారం బట్టలుతుక్కున్నాక పాత సైన్సు గది వరండాలో కూర్చునేవాళ్ళం. నాతో కలిపి తొమ్మిదిమందిమి. చెప్పడం నాకు ఇష్టం. ఎదుటివాళ్ళకి చెప్తుంటే నాకే ఎక్కడ కుంటుతోందో తెలిసిపోతుంది. అందుకని వాళ్ళ కోసం ఎంత చెప్పానో నా కోసమూ అంత చెప్పాను.

కానీ నేను పెట్టిన పద్ధతి వేరు. పుస్తకం ముయ్యండి. ఇప్పుడు విన్నది ఎవరి మాటల్లో వాళ్ళు చెప్పండి. మీ ఇంట్లోంచి, మీ పొలంలోంచి ఒక ఉదాహరణ తెచ్చుకోండి. రానిచోట ఆగండి, ఆగినందుకు సిగ్గుపడకండి. పాత పాఠాన్నీ కొత్తదాన్నీ కలిపి అడుగుతాను, వరసలో అడగను. ఇదీ నా పద్ధతి. అందరూ బుద్ధిగా తలలూపేవాళ్ళు. సెలాసి వంతు వచ్చింది.

"ఆస్మాసిస్ చెప్పు."

"మా అమ్మమ్మ చేపకి ఉప్పు రాస్తే కాసేపటికి చేప ఏడుస్తుంది."

"ఒరేయ్, మీ అమ్మమ్మ ఊళ్ళో యాం దుంపలు పండిస్తుంది కదరా! ఆవిడకి చేపెక్కడిది? నీది చెప్పు."

"నీదే బాగుందే" అన్నాడు సెలాసి, నిజంగానే నన్ను మెచ్చుకుంటున్నట్టు. "బాగున్నదాన్ని మార్చి పాడుచేసుకోవడం ఎందుకు?"

యాయ్రా కూడా అదే పాట. "నువ్వు అంత చక్కగా చెప్పాక మా మాటలెందుకే మధ్యలో? మార్కులేసేవాళ్ళకి కావాల్సింది జవాబేగా."

నేను అరిచాను. చాక్‌పీసు విసిరాను కూడా. ఒక శనివారం అలిగి పాఠం చెప్పకుండా వెళ్ళిపోతే, నన్ను బతిమాలుకుని తీసుకొచ్చి, ఇకనుంచి సొంత మాటల్లో చెప్తామని ఒట్లు పెట్టారు. ఆ తర్వాత ఒక పొద్దున బకెట్టు పట్టుకుని స్నానాల వరసలో నిలబడ్డాను. తడికెల అవతల నీళ్ళు పోసుకుంటున్నవాళ్ళు గొంతు కలిపి ఏదో పాడుతున్నారు. చెవి పెట్టి విన్నాను. చేప ఏడుస్తోంది. మా అమ్మమ్మ ఉప్పు రాస్తోంది. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి నేనెక్కడ ఆగుతానో అక్కడే ఆగుతున్నారు. జొకోటో సార్ నోట్సు ఊసేసి, ఇప్పుడు నన్ను నములుతున్నారన్నమాట! తడికె మీద చెంబుతో బాదాను. లోపలి నుంచి యాయ్రా నవ్వు.

"చూశావా ఎంత బాగా వచ్చిందో! ఒక్క ముక్క పొల్లుపోలేదు."

జొకోటో సార్ ఒకసారి మా వరండా ముందు నుంచి వెళ్తూ ఆగాడు. స్తంభానికి ఆనుకుని పాఠం అయ్యేదాకా విన్నాడు. "నా ఉద్యోగం లాక్కునేలా ఉన్నావే పిల్లా" అని నవ్వి, నా తల మీద చెయ్యి వేసి వెళ్ళాడు. ఆ చెయ్యి నాకు బాగా గుర్తుంది.

పరీక్షలో ఆస్మాసిస్ వచ్చింది. నిత్యజీవితం నుంచి ఉదాహరణతో వివరించండి అని అడిగారు. హాల్లో నా వెనక నుంచి యాయ్రా సంతోషంగా గొంతు సవరించుకోవడం వినపడింది. నేను చకచకా రాశాను. బయటికొచ్చాక అందరూ నన్ను కౌగిలించుకున్నారు. సెలాసి నన్ను ఎత్తి తిప్పాడు. నేనూ నవ్వాను, నవ్వకుండా ఎలా ఉంటాను?

ఫలితాలు వచ్చాయి, మా తొమ్మిదిమందివి రాలేదు. ఆపి ఉంచారట. మావున్యోకి వచ్చాయి, పాసయ్యాడు. అపో కొన్నవాళ్ళందరూ ఏదో ఒక మోస్తరుగా గట్టెక్కారు. వాళ్ళు కొన్నది నకిలీ సరుకు కాబట్టి హాల్లో ఎవరి తప్పులు వాళ్ళు సొంతంగా రాసుకున్నారు. ఎవరి రాతా ఎవరి రాతతోనూ కలవలేదు. వాళ్ళ నిజాయితీకి అంతకంటే రుజువేం కావాలి!

అక్రా నుంచి పరీక్షల బోర్డు తరఫున ఇద్దరు వచ్చారు. ఒక పెద్దాయన, ఒక కళ్ళజోడు మేడమ్. లైబ్రరీలో బల్ల వేశారు. మమ్మల్ని బెంచీల మీద కూర్చోబెట్టారు. హెడ్‌మిస్ట్రెస్ మేడమ్ ఒక పక్క, జొకోటో సార్ ఇంకో పక్క. పెద్దాయన మా జవాబు పత్రాలు ముందు పరుచుకుని కాసేపు చూశాడు. కోపంగా లేడు. ఇలాంటివి చాలా చూసి విసిగిపోయినట్టున్నాడు.

"ఒక్కటి చెప్పండి నాయనా. మీ తొమ్మిదిమందికీ ఒకే అమ్మమ్మా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వి నోరు నొక్కుకున్నారు. పెద్దాయన నవ్వలేదు. యాయ్రాని పిలిచాడు.

"ఆస్మాసిస్ అంటే ఏంటి తల్లీ?"

యాయ్రా చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళు పైకెత్తి మొదలుపెట్టింది. అమ్మమ్మ, ఉప్పు, కన్నీళ్ళు, పొర. నేను వరండాలో చెప్పేటప్పుడు అలవాటుగా అనే మాట కూడా వదల్లేదు: "ఎక్కడికి చూస్తున్నారు, ఇటు చూడండి." అక్రా పెద్దాయన్నే ఇటు చూడమంది. కళ్ళజోడు మేడమ్ కలం కింద పెట్టేసింది. తర్వాత సెలాసి. వాడూ అంతే, అదే దమ్ము, ఆగే చోట్లూ అవే.

"మీ అమ్మమ్మ చేపలమ్ముతుందా బాబూ?"

"లేదు సార్. యాం దుంపలు పండిస్తుంది."

"మరి చేపకి ఉప్పు రాసిందెవరి అమ్మమ్మ?"

ఎనిమిది తలలు నా వైపు తిరిగాయి. ద్రోహం చేద్దామని కాదు, పాపం. ప్రశ్న అడిగితే జవాబు నా దగ్గర ఉంటుందని అలవాటైపోయింది వాళ్ళకి.

నేను లేచి అంతా చెప్పాను. శనివారాలు, వరండా, పుస్తకం మూసి చెప్పుకోవడం, మార్చి చెప్పమంటే వీళ్ళు మార్చకపోవడం. ప్రశ్న మాకు ముందే తెలుసనుకోవడం తప్పని చెప్పాను. "ఈ ఒక్క పాఠమే కాదు సార్, అన్నీ ఇలాగే చదివాం. పేపర్లో రానివి అడగండి. గుండె అడగండి, ఆకు అడగండి, ఏదైనా అడగండి. వీళ్ళందరూ నా మాటల్లోనే చెప్తారు. అప్పుడు మీకే తెలుస్తుంది, ప్రశ్న తెలిసి చదివింది కాదని."

"అవన్నీ అడుగుతూ కూర్చోడానికి టైమెక్కడిదమ్మా" అన్నాడు పెద్దాయన వాచీ చూసుకుని. "ఇంకా రెండు స్కూళ్ళకి వెళ్ళాలి మేం."

అప్పుడు కళ్ళజోడు మేడమ్ కొంచెం ముందుకి వంగింది. ఆవిడ ముఖంలో జాలి లాంటిదేదో కనిపించి నాకు ప్రాణం లేచొచ్చింది.

"సరే, నువ్వు చెప్పు. చేప వద్దు, అమ్మమ్మ వద్దు. ఇంకోలా వివరించగలవా?"

ఎందుకు వివరించలేను? కోసిన బొప్పాయి ముక్కల మీద పంచదార చల్లి ఉంచితే గిన్నె అడుగున రసం ఎలా ఊరుతుందో చెప్పాను. ముక్క మెత్తబడి ఎందుకు వాడిపోతుందో చెప్పాను. ఎరువు ఎక్కువేస్తే మొక్కజొన్న ఎందుకు మాడుతుందో చెప్పాను. తడుముకోకుండా, ఆగకుండా చెప్పాను. నా జీవితంలో ఏ పాఠమూ అంత బాగా చెప్పలేదు. ఆవిడ పూర్తిగా విని, పెద్దాయన వైపు తిరిగి మెల్లగా తల పంకించింది.

"జవాబు తయారుచేసింది ఈ అమ్మాయే సార్. మిగతావాళ్ళు బట్టీ పట్టారంతే."

జొకోటో సార్ వైపు చూశాను. పెద్దాయన కూడా ఆయన వైపే తిరిగాడు.

"మాస్టారూ, ఈ చేప ఉదాహరణ మీ నోట్సులోదా?"

"కాదు సార్. నా నోట్సులో అలాంటి కబుర్లుండవు."

"ఈ పిల్లలు శనివారాలు కూర్చుని చదివేవారట. మీకు తెలుసా?"

సార్ నీళ్ళు నమిలాడు. తెలుసంటే, మీ పిల్లలు మిమ్మల్ని వదిలి ఆ పిల్ల దగ్గరెందుకు చదివారని అడుగుతారు. హెడ్‌మిస్ట్రెస్ మేడమ్ పక్కనే ఉంది. ఆయన లైబ్రరీ పైకప్పుని ఒకసారి పరీక్షగా చూశాడు.

"శనివారం పిల్లలు సవాలక్ష పనులు చేస్తుంటారు సార్. మనకేం తెలుస్తుంది?"

"సార్, మీరు విన్నారు కదా! స్తంభం దగ్గర నిలబడి విన్నారు కదా!" అన్నాను.

"కూర్చో ఎటోర్నమ్" అన్నాడు, క్లాసులో చెప్పినంత మామూలుగా.

తీర్పు రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. మిగతా ఎనిమిదిమందికి ఒక్క బయాలజీ రద్దు చేశారు. మళ్ళీ రాసుకోవచ్చు. నాకు మొత్తం పరీక్ష రద్దు, మూడేళ్ళు ఏ పరీక్షకీ కూర్చోకూడదు. నేను చేసిన నేరం జవాబులు తయారుచేసి పంచడం. చదువుకున్నదాన్ని అర్థం చేసుకుని, అర్థమైనదాన్ని పదిమందికి చెప్తే ఈ దేశంలో పడే శిక్ష అది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ ఆ మంట ఆరలేదు, ఆరుతుందని నేను అనుకోను కూడా.

అసలు తమాషా ఆ తర్వాత మొదలైంది. రేవులో అందరికీ నా మీద గౌరవం పెరిగింది! చేపలు కొనడానికొచ్చిన తల్లులు గొంతు తగ్గించి అడుగుతారు.

"ఏమ్మా, ఈ ఏడు ప్రశ్నలెప్పుడొస్తున్నాయి? మా పిల్లకి ముందు చెప్పు, మర్చిపోకు."

"నా దగ్గర ప్రశ్నలు లేవమ్మా. పిల్లని పంపించు, చదవడం నేర్పుతాను."

"అబ్బో, మా దగ్గర కూడానా!" అని కన్ను కొట్టి, ఒక చేప ఎక్కువే కొనుక్కుని వెళ్తారు. చదవడం నేర్చుకోడానికి మాత్రం ఒక్క పిల్లా రాలేదు.

యాయ్రా మళ్ళీ రాసింది. ఈసారి అచ్చు పుస్తకం నమిలింది, సుబ్బరంగా పోసింది, పాసైంది. హో నర్సింగ్ కాలేజీలో చేరింది. నేను కూర్చోవాల్సిన చోట కూర్చుందని అనడం అన్యాయం. అక్కడ సీట్లు చాలానే ఉంటాయి. అయినా నేను అలాగే అనుకుంటాను.

మొన్న ఆదివారం వచ్చింది. మా ఇంటి ముందు ట్రోట్రో వ్యాను ఆపించుకుని, తెల్ల యూనిఫాంలోనే దిగింది. నాకు చూపించడానికి కాదు, మార్చుకునే తీరిక లేక. అబద్ధం చెప్పే పిల్ల కాదది. భోరున ఏడ్చి, నన్ను పట్టుకుని, తర్వాత తను తెచ్చిన షితో సీసా చేతిలో పెట్టి, బెంచీ మీద కూర్చుంది.

"రేపే పరీక్ష. గుండె పాఠం. మా మేడమ్ చదివితే రాసుకోవడమే కానీ బుర్రకి ఎక్కట్లేదే. నువ్వు చెప్పు, నేను ఫోనులో రికార్డు చేసుకుంటాను."

వెళ్ళిపో అందామనుకున్నాను. ఆ మాట గొంతు దాకా వచ్చింది. కానీ గుండె పాఠం తలలో తిప్పుకుని చూస్తే, కవాటాల దగ్గర నాకే కొంచెం తడబడింది. చెప్పుకుని చాన్నాళ్ళయింది.

ఫోను నొక్కమన్నాను. చెప్పాను. గుండెని బస్టాండు అనుకో. మట్టి కొట్టుకుపోయిన బళ్ళన్నీ కుడి గేటులోంచి వస్తాయి. వాటిని కడిగే చోటుకి పంపిస్తారు, అదే ఊపిరితిత్తులు. కడిగిన బళ్ళు ఎడమ పక్కకి వచ్చి, అక్కడి నుంచి ఊళ్ళన్నిటికీ పోతాయి. గేట్లు ఒకవైపే తెరుచుకుంటాయి, వచ్చిన దారిన వెనక్కి పోనివ్వవు. మట్టి బళ్ళూ కడిగిన బళ్ళూ కలవకుండా మధ్యలో గోడ ఉంటుంది. చెప్తుంటే ఎక్కడ తడబడ్డానో అక్కడ దారి దొరికింది. ఒళ్ళు తేలికైంది.

"ఇప్పుడు నువ్వు చెప్పు యాయ్రా. ఆ మధ్య గోడకి చిల్లుంటే ఏమవుతుంది?"

యాయ్రా ఫోను చూసుకుంటోంది, సరిగ్గా రికార్డయిందా లేదా అని.

"అది అడగరే."

"పరీక్షలో అడగరు. ఎప్పుడో ఒకరోజు వార్డులో ఒక పసిపిల్ల తల్లి అడుగుతుంది."

"పేషెంట్లు ప్రశ్నలడగరే పిచ్చిదానా, సూది వేయించుకుంటారు" అని నవ్వింది. ఎప్పటి నవ్వే, కల్మషం లేని నవ్వు. "మధ్యలో పడవ హారన్ మోగి రికార్డు పాడైంది. ఇంకోసారి మొదటి నుంచి చెప్పవూ, మెల్లగా."

నాకు దాన్ని కొట్టాలనిపించింది. ఆ తెల్ల యూనిఫాం పట్టుకుని గుంజాలనిపించింది. ఇంకా రెండేళ్ళ పైన ఉంది నా శిక్ష. అప్పటిదాకా నాకు తెలిసింది నా దగ్గర నిలవాలంటే ఎవరికో ఒకరికి చెప్తూ ఉండాలి, కావాలని అడిగి వినేది అది ఒక్కతే మిగిలింది. ఫోను దగ్గరికి జరుపుకుని మొదటి నుంచి మొదలుపెట్టాను.